టెలిఫోన్ తీగ నుంచి మన పాటల గదికి

పోయిన మీటింగులో పాటల గది లెక్క చెప్పేటప్పుడు ఒకరు అడిగిరి: "కంప్యూటర్ ఉంది, మైకు ఉంది, మరి ఆ ఇనుప పెట్టెలు ఎందుకు, ఆ వైర్ల గుట్ట ఎందుకు?" ఆ రోజు టైము లేక జవాబు చెప్పలేదు. ఈ రోజు చెప్తాం. కొంచెం పొడుగు అవుతుంది, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చింది ముప్పై దాటినాక, రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి మాస్టారి దగ్గర. ఒత్తులు తప్పితే సర్దుకోండి.

ముందు మా తప్పు చెప్పుకోవాల. 1986లో తిరుత్తణి పక్క పల్లెలో ఒక పెళ్లింట్లో ఒక అవ్వ నలుగు పాటలు పాడతా ఉంటే మేము చిన్న క్యాసెట్టు రికార్డర్‌లో పట్టి ఉంటిమి. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆ పాటలు పాడేవాళ్లు కూడా దాదాపు లేరు. అవి పుస్తకంలో దొరికే పాటలు కావు, నాలుగైదు తరాలుగా తమిళ ఊళ్ల మధ్య బతికిన మన ఇంటి తెలుగులో ఉండే పాటలు. మూడేళ్ల కింద సంఘం పాటల గది పెట్టినప్పుడు మొదటి పని ఆ క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించడమే. రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్న పెట్టెలు నాలుగు మా దగ్గర ఉండె: రెండు చానెళ్ల కంప్రెసర్, అందులోనే గేటు, ఒక ఈక్వలైజర్, ఒక రివర్బ్, ఒక పాచ్ బే. కొత్త సంబరం. క్యాసెట్టు డెక్కు నుంచి వైరు తీసి ఈ పెట్టెలన్నిటి గుండా పోనిచ్చి కంప్యూటర్‌లో కలిపితిమి. టేపు చప్పుడు పోయింది, పాట శుభ్రంగా ఉంది అనుకుంటిమి.

అవ్వ కూతురికి ఇప్పుడు ఎనభై దాటింది. మేమంతా పెద్దమ్మ అంటాం. ఆమెకి వినిపిస్తిమి. రెండు పాటలు కళ్లు మూసుకుని వినింది. తరవాత అనింది: "పాట మా అమ్మదే నాయనా. కానీ ప్రతి చరణం కాడ ఎవరో మా అమ్మ నోరు మూసినట్టుందే."

మళ్లీ వింటిమి. నిజమే. అవ్వ వరస చివర గొంతు దించుకుని, ఊపిరితోనే చివరి అక్షరం పలికేది. ఆ అక్షరం లేదు. గేటు మింగేసింది. సరే, మళ్లీ ఎక్కిస్తామని క్యాసెట్టు పెడితే డెక్కు రోలర్‌కి టేపు చుట్టుకుని ముడతలు పడి తెగింది. అతికిస్తిమి, కానీ ఒకటిన్నర పాట పోయింది. ఆ ఒకటిన్నర పాటకి ఇప్పుడు మిగిలింది నోరు మూసిన కాపీ ఒకటే.

ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, అమ్మినవాడి తప్పూ కాదు. పెట్టెలు వాటి పని అవి చేసినాయి. కలిపింది మేము. ఎట్ల కలపాలో తెలియక కలిపితిమి. ఆ తరవాత ఒక ఏడాది కూర్చుని ఈ వైర్ల సంగతి చదివితే మాకే నవ్వు వచ్చింది. ఎందుకంటే మా సర్వీసంతా కంట్రోల్ ఆఫీసులో గుమాస్తా పని, పక్క గదే టెలికం వాళ్లది. ఈ పాటల గదిలో ఉండే ప్రతి వస్తువుకీ అమ్మమ్మ ఇల్లు ఆ పక్క గదే. ముప్పై ఐదేళ్లు ఆ గోడకి ఈ పక్క కూర్చుని ఉంటిమి, ఒక్క రోజూ తొంగి చూడలేదు.

కథ 1876లో బెల్ టెలిఫోన్‌తో మొదలు. రెండేళ్లకే, 1878లో, అమెరికాలో న్యూ హేవెన్‌లో ఎక్స్‌చేంజి వచ్చింది. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో 1882కి ఎక్స్‌చేంజీలు పని చేస్తా ఉండినాయి. ఎక్స్‌చేంజి అంటే ఏమి? పది మంది ఇళ్ల నుంచి వచ్చే తీగలు ఒక చోట చేరతాయి, మధ్యలో కూర్చున్న మనిషి ఎవరి తీగని ఎవరి తీగతో కలపాలో చేత్తో కలుపుతాడు. ఆ కలిపే పనికి వెస్టర్న్ ఎలెక్ట్రిక్ కంపెనీలో చార్లెస్ స్క్రిబ్నర్ అనే ఇంజనీరు ఒక స్విచ్ చేశాడు. అది మడత కత్తి మాదిరి ఉండేది. ఇంగ్లీషులో ఆ కత్తిని జాక్ నైఫ్ అంటారు. ఆ జాకే ఈనాటి జాక్. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు అప్పటి స్విచ్‌బోర్డుదే. గిటారు వాయించే మన పిల్లలు అది గిటారు కోసం పుట్టిందనుకుంటారు. గిటారుకి కరెంటు తగలక ముందు యాభై ఏళ్లు అది టెలిఫోన్ అమ్మాయిల చేతుల్లో ఉండింది. ఒక జాగ్రత్త: కొలత ఒకటే అయినా ఎక్స్‌చేంజి ప్లగ్గు ముక్కు, గిటారు ప్లగ్గు ముక్కు ఒకటి కాదు. పాత స్టూడియో పాచ్ బేలో గిటారు ప్లగ్గు గుచ్చితే లోపలి స్ప్రింగు సాగిపోతుంది, తరవాత అసలు ప్లగ్గు పట్టుకోదు.

పాచ్ బే అంటే ఏమో కాదు, ఆ స్విచ్‌బోర్డే. వెనక అన్ని పెట్టెల వైర్లూ ఒకసారి కట్టేసి, ముందు చిన్న తీగలతో ఏది ఎటు పోవాలో మార్చుకుంటాం. పైన వరస పెట్టెల నుంచి బయటికి వచ్చేది, కింద వరస తరవాతి పెట్టెలోకి పోయేది. ఏమీ గుచ్చకపోతే పైనుంచి కిందికి లోపలే కలిసి ఉంటుంది. దీంట్లో హాఫ్ నార్మల్ అని ఒక కట్టు ఉంది. కింద గుచ్చితే దారి తెగుతుంది, పైన గుచ్చితే తెగదు. మామూలు దారి నడుస్తానే ఉంటుంది, మనకి ఒక కాపీ వస్తుంది. మా కంట్రోల్ ఫోను దీనికి చుట్టమే. సెక్షన్‌లో అన్ని స్టేషన్లూ ఒకే తీగ మీద ఉంటాయి. ఎవరు మాట్లాడినా, మాట తెగకుండా, కంట్రోలర్ చెవిన పడతా ఉంటుంది. ఈ ఒక్క సంగతి మాకు మూడేళ్ల కింద తెలిసి ఉంటే అవ్వ చివరి అక్షరాలు నిలిచేవి. అది ఎట్లనో తరవాత చెప్తాం.

ఇప్పుడు తీగ సంగతి. పాత రైలు ప్రయాణం గుర్తుందా? కిటికీలో నుంచి చూస్తే స్తంభాలు, తీగలు ఎక్కుతా దిగుతా పరుగెత్తేవి. ఆ తీగలు జతలు జతలుగా ఉండేవి, కొన్ని స్తంభాలకి ఒకసారి జతలో ఉండే రెండు తీగలూ చోటు మార్చుకునేవి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. చిన్నప్పుడు అది లైన్‌మ్యాన్ పొరపాటు అనుకుంటిమి. పొరపాటు కాదు. పక్క తీగల మాటలు, కరెంటు లైన్ల గుయ్యిమనే చప్పుడు ఈ జతలోకి దూరుతుంది. చోటు మారుస్తా పోతే రెండు తీగల్లోకీ ఆ చప్పుడు సమానంగా దూరుతుంది. చివర రెండిటికీ తేడా మాత్రమే తీసుకుంటే సమానంగా ఉన్న చప్పుడు కొట్టుకుపోతుంది, మాట మిగులుతుంది. స్టూడియోలో బ్యాలన్స్‌డ్ లైన్ అనేది ఇదే. రెండు తీగలు మెలివేసి, మీద కవచం చుట్టి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినారు. స్తంభాల మీద మైళ్ల పొడుగున చేసిన పని మైకు వైరులో అంగుళాల లెక్కన జరుగుతా ఉంది.

మా లైనుకి 25 వేల వోల్టుల కరెంటు వచ్చినప్పుడు ఈ పాఠం మా కళ్ల ముందే జరిగింది, మాకే అర్థం కాలేదు. ఆ పెద్ద కరెంటు పక్కన స్తంభాల మీద టెలిఫోన్ తీగలు బతకలేవు. అన్నీ తీసి భూమిలో కేబుల్ వేసినారు. ఫైళ్లన్నీ మా టేబుల్ మీద నుంచే పోయినాయి. కిలోమీటర్లు లెక్క వేస్తిమి, బిల్లులు రాస్తిమి, ఎందుకని మాత్రం అడగలేదు.

ఇంక 600 ఓమ్‌లు, డెసిబెల్. ఈ రెండు మాటలూ ప్రతి పెట్టె వెనకా రాసి ఉంటాయి. స్తంభాల మీద పోయే జత తీగకి సహజంగా ఉండే అడ్డు సుమారు 600 ఓమ్‌లు. అందుకని దానికి తగిలించే ప్రతిదాన్నీ 600కి చేసినారు, అదే అలవాటు రేడియోకి పోయింది, స్టూడియోకి పోయింది. మాట తీగలో పోతా పోతా ఎంత సన్నగిల్లిందో కొలవడానికి మొదట "ఒక మైలు స్టాండర్డ్ కేబుల్" అనే కొలత వాడేవాళ్లు. మన ఊళ్లో "కూతవేటు దూరం" అంటామే, అట్ల. 1920లలో బెల్ కంపెనీ ఇంజనీర్లు దాన్ని లెక్క ప్రకారం సరిచేసి, బెల్ పేరు మీద డెసిబెల్ అన్నారు. అంటే ఈ కొలత పుట్టింది గట్టి చప్పుడు కొలవడానికి కాదు. దారిలో ఎంత గొంతు పోయిందో కొలవడానికి.

ఈక్వలైజర్ పేరు కూడా అక్కడిదే. పొడుగు తీగలో సన్న స్వరాలు ముందు చచ్చిపోతాయి, స, శ తేడా తెలియదు. పోయినదాన్ని మళ్లీ సమానం చేసే పెట్టె కాబట్టి ఈక్వలైజర్. ఇప్పుడు దాన్ని అందానికి వాడతారు, పుట్టింది మాత్రం న్యాయానికి. ఇట్లనే దూరం పోయే మాటకి మధ్యమధ్యలో బలం ఇచ్చే యాంప్లిఫయర్లు వచ్చినాయి. 1915 జనవరిలో న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి, 5 వేల కిలోమీటర్లు దాటిన తీగ మీద, బెల్ తన పాత సహాయకుడు వాట్సన్‌తో మాట్లాడినాడు. అయితే ఆ యాంప్లిఫయర్లు ఒకదాని వెనక ఒకటి పెట్టేకొద్దీ గొంతు చెడేది. దానికి మందు హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరుకి 1927 ఆగస్టులో దొరికింది. పనికి పోతా పడవలో కూర్చుని ఉన్నాడు. తట్టిన లెక్కని చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే రాసి పెట్టుకున్నాడు. ఆ పడవ నడిపింది ఒక రైల్వే కంపెనీ! మా రైల్వేవాళ్లకి ఆ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కుంది గదా.

తరవాత రేడియో. మన వైపు ఆలిండియా రేడియో మద్రాసు స్టేషన్ 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ స్టేషన్ 1948 డిసెంబర్‌లో వచ్చే దాకా తెలుగు కార్యక్రమాలకి మద్రాసే దిక్కు. రేడియోతో ఒక కొత్త తంటా వచ్చింది. పాడేవాళ్లు హఠాత్తుగా గొంతెత్తితే ట్రాన్స్‌మిటర్ హద్దు దాటి గొంతు పగిలిపోతుంది. ఒక మనిషి మీటరు చూస్తా చేత్తో తిప్పతా కూర్చునేవాడు. 1930లలో ఆ మనిషి చెయ్యి చేసే పనిని పెట్టె చేసేటట్టు లిమిటర్లు వచ్చినాయి. కంప్రెసర్ దాని తమ్ముడు. ఆ మనిషి చూసే మీటరుకి ఒక పద్ధతి ఉండాలని బెల్ ల్యాబ్స్, సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి 1939లో వీయూ మీటర్ పెట్టినారు. పాత టేప్ రికార్డర్ ముందు పక్క ముల్లు ఊగేదే, అది. స్టూడియో పెట్టెల్లో ఆ ముల్లు సున్నా మీద నిలిస్తే లైన్‌లో ఉండేది ప్లస్ 4, అంటే సుమారు 1.23 వోల్టులు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, మా నేరం దీంట్లోనే ఉంది.

స్టూడియోలవాళ్లు ఈ టెలిఫోన్ సామాను అంతా తీసుకుని ఆటలాడినారు. చికాగోలో బిల్ పుట్నమ్ అనే ఇంజనీరు 1947లో హార్మోనికాట్స్ అనే జట్టు పాటకి ప్రతిధ్వని కావాలని, పాటని స్పీకర్ నుంచి బాత్‌రూమ్‌లోకి వదిలి, అక్కడ మైకు పెట్టి వెనక్కి తెచ్చుకున్నాడు. మేము దీన్ని చాలాసార్లు తలుచుకుంటాం. రివర్బ్ పెట్టె కలిపే పద్ధతి ఈనాటికీ ఆ బాత్‌రూమ్ పద్ధతే: అసలు పాట తన దారిన పోతుంది, ఒక పాయ మాత్రం పక్కకి పోయి తడిసి వచ్చి మళ్లీ కలుస్తుంది. 1957లో జర్మన్ కంపెనీ ఈఎంటీ బాత్‌రూమ్ బదులు రెండు మీటర్ల పొడుగు ఉక్కు రేకు పెట్టింది, చట్రంతో కలిపి బరువు 270 కిలోలు. ఈక్వలైజర్లలో పుల్‌టెక్ 1951ది. కంప్రెసర్లలో ఫెయిర్‌చైల్డ్ 670కి ఇరవై వాల్వులు, ముప్పై కిలోల బరువు. ఎల్‌ఏ-2ఏలో పాట గట్టి అయితే లోపల ఒక పలక వెలుగుతుంది, ఆ వెలుగు చూసి పక్కన ఉన్న సెల్ గొంతు తగ్గిస్తుంది. పుట్నమే 1967లో 1176 చేశాడు. ఇవన్నీ మన పిల్లలు ఇప్పుడు కంప్యూటర్‌లో బొమ్మలుగా చూస్తారు.

వీటి ధరలు ఇంట్లోవాళ్లకి అందేవి కావు. 1970లలో జపాన్ కంపెనీ టియాక్ నాలుగు ట్రాకుల టేప్ మెషిన్లు తెచ్చింది. 1979లో అదే కంపెనీ మామూలు క్యాసెట్టు మీదే నాలుగు ట్రాకులు పట్టే పోర్టాస్టూడియో తెచ్చింది. 1985, 86లకి యమహా ఎస్‌పీఎక్స్ 90, అలెసిస్ మిడివర్బ్ లాంటి చిన్న డిజిటల్ రివర్బ్‌లు వచ్చినాయి. ఉక్కు రేకు బదులు చంకలో పెట్టుకునే పెట్టె. మన మద్రాసులోనే 1989లో ఏ.ఆర్. రెహమాన్ కోడంబాక్కం ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ పెట్టుకున్నాడు. పెద్ద స్టూడియోలో వంద మంది వాద్యగాళ్లని ఒకే రోజు కూర్చోబెట్టి పాట పట్టే ఊళ్లో, ఇంటి పెరట్లో రాత్రంతా ఒక్కడే కూర్చుని పాట కట్టవచ్చని చూపించింది ఆ గది. మూడేళ్లకి రోజా.

అయితే ఇంటి సామాను చవక కావాలంటే ఏదో తగ్గించాలి గదా. తీగలు జత బదులు ఒకటే అయింది. మూడు పిన్నుల ప్లగ్గు బదులు గ్రామఫోన్ వెనక ఉండే చిన్న ఫోనో ప్లగ్గు వచ్చింది. లెవెల్ ప్లస్ 4 బదులు మైనస్ 10 అయింది. మైనస్ 10 అంటే 0.316 వోల్టు. స్టూడియో పెట్టె 1.23 వోల్టులు వస్తుందని చూస్తా ఉంటే, ఇంటి డెక్కు దాంట్లో నాలుగో వంతు ఇస్తుంది. డెసిబెల్లలో దాదాపు 12 తక్కువ.

ఇప్పుడు మా నేరం చూడండి. మా క్యాసెట్టు డెక్కు మైనస్ 10ది. కొన్న కంప్రెసర్, గేటు ప్లస్ 4వి. వెనక ఒక చిన్న స్విచ్ ఉంది, లెవెల్ మార్చడానికే. మేము దాన్ని చూడనే లేదు. గేటు అంటే చప్పుడు ఒక హద్దు కంటే తగ్గితే తలుపు మూసే పెట్టె. లెవెల్ క్రాసింగ్ గేటు మాదిరే, కాపలావాడికి బండి వస్తా ఉందో లేదో తెలియకపోతే ఏమవుతుందో మాకు వేరే చెప్పక్కర్లేదు. పాట అంతా 12 డెసిబెల్ కిందికి పోయి చేరింది. అవ్వ గట్టిగా పాడే చోట తలుపు తెరుచుకుంది, గొంతు దించిన చోట "ఎవరూ లేరు" అని మూసుకుంది. గొంతు చాలడం లేదని మేము ఆ తరవాత కంప్యూటర్ దగ్గర గెయిన్ పెంచితిమి. పోయింది తిరిగి రాలేదు, మిగిలిన చోట బుస్సుమనే చప్పుడు పెరిగింది.

ఈ తప్పు ఇంగ్లీషు పాటకి జరిగి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదేమో. మన మాట చూడండి. తెలుగులో మాట అచ్చుతో ముగుస్తుంది: రాముడు, పిల్ల, వచ్చిరి, పోతిమి. ఎవరు, ఎందరు, ఆడా మగా, అన్నీ ఆ చివరనే ఉంటాయి. అవ్వలు పాడేటప్పుడు గొంతు దించేది కూడా ఆ చివరనే. తమిళ ఊళ్లో పెరిగిన మన పిల్లలు ముందే ఆ చివరి అచ్చు మింగేసి "రాముడ్" అంటా ఉన్నారని ఇంట్లో కోప్పడతాం. మేము కొన్న పెట్టె వాళ్లకి తోడైంది. పెద్దమ్మకి వైర్ల సంగతి ఏమీ తెలియదు. వాళ్లమ్మ పలికే చివరి అచ్చు ఎట్ల ఉంటుందో ఆమెకి తెలుసు, అందుకే రెండో పాటకే పట్టేసింది.

ఇప్పుడు గది ఎట్ల కట్టి ఉన్నామో చెప్తాం. వేరే ఊళ్ల సంఘాలవాళ్లు పెట్టుకోవాలంటే పనికొస్తుంది. డెక్కు, మైకు ప్రీయాంప్ వైర్లు పాచ్ బే పైన వరసకి వస్తాయి. కింద వరస నుంచి కంప్రెసర్, ఈక్వలైజర్‌కి పోతాయి. పైన వరస హాఫ్ నార్మల్ కాబట్టి అక్కడే ఒక తీగ గుచ్చి, ఏ పెట్టే తాకని పాటని నేరుగా కంప్యూటర్ మొదటి చానెల్‌కి ఇస్తాం. పెట్టెల గుండా వచ్చింది రెండో చానెల్‌కి. మొదటి చానెల్ ఫైలుని ఎవరూ ముట్టుకోకూడదు, మూడు చోట్ల దాచాలి. గేటు నాబ్‌ని మా మేనల్లుడు ఎర్ర టేపు వేసి మూసేశాడు. మైనస్ 10 డెక్కుకీ ప్లస్ 4 పెట్టెకీ మధ్య లెవెల్ పెంచే చిన్న పెట్టె ఒకటి ఉంది. రివర్బ్ మాత్రం ఎప్పుడూ పక్క పాయలోనే, బాత్‌రూమ్ పద్ధతి.

కంప్యూటర్‌లో ముందే ఉన్న పాటని బయటి పెట్టెకి పంపి వెనక్కి తెచ్చుకునేటప్పుడు ఇంకో సంగతి ఉంది. అంకెలు కరెంటుగా మారి, మళ్లీ అంకెలుగా మారేసరికి కొంచెం ఆలస్యం అవుతుంది. సెకనుకి 48 వేల సాంపిళ్ల లెక్కలో 48 సాంపిళ్లు ఆలస్యమైతే ఒక మిల్లీసెకను. తక్కువే. కానీ ఆలస్యంగా వచ్చిన పాటని అసలు పాటతో కలిపితే కొన్ని స్వరాలు ఒకదాన్ని ఒకటి తినేస్తాయి, గొంతు గొట్టంలో నుంచి వచ్చినట్టు ఉంటుంది. అందుకని ముందు ఒక "టక్" చప్పుడు పంపి, అది ఎన్ని సాంపిళ్ల తరవాత తిరిగి వచ్చిందో చూసి, అంత వెనక్కి జరపాలి. రైలు లేటుని బట్టి క్రాసింగ్ మార్చడమే, మాకు అలవాటైన పని.

ఒక పాత పెట్టె మమ్మల్ని నెల రోజులు ఏడిపించింది. దాని గుండా వచ్చిన పాట విడిగా బాగుంటుంది, అసలుతో కలిపితే పలచబడుతుంది. ఆలస్యం సరి చేసినా పోలేదు. చివరికి తెలిసిందేమంటే, మూడు పిన్నుల్లో రెండోది పాజిటివ్ అని ఆడియో ఇంజనీర్ల సంఘం 1992లో స్టాండర్డ్ పెట్టింది, అంతకు ముందు కొన్ని పెట్టెల్లో మూడోది పాజిటివ్‌గా ఉండేది. మాది ఆ పాతది. పాట తలకిందులై వస్తా ఉండింది. ఒక వైరులో రెండు తీగలు మార్చి సోల్డర్ చేస్తే సరిపోయింది, ఆ వైరుకి పసుపు టేపు చుట్టి ఉంచినాం. దయచేసి దాన్ని వేరే చోట వాడకండి.

గుయ్యిమనే 50 సైకిళ్ల చప్పుడు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాల. రెండు పెట్టెలు రెండు వేరే ప్లగ్ పాయింట్లలో ఉంటే, ఎర్తు ఒక చుట్టు తిరిగి ఆ చప్పుడు పాటలోకి వస్తుంది. దానికి కొందరు మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, తీసేయమంటారు. చేయొద్దు. పెట్టె లోపల వైరు తెగి బాడీకి తగిలితే మైకు పట్టుకున్న అవ్వకి షాకు కొడుతుంది. అన్ని పెట్టెలకీ ఒకే పాయింట్ నుంచి ఒకే బోర్డు ద్వారా కరెంటు ఇవ్వండి. అప్పటికీ పోకపోతే పాట దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. టెలిఫోన్‌వాళ్లు దాన్ని రిపీట్ కాయిల్ అని చాలా కాలంగా వాడేది అందుకే. రెండు తీగలు తాకకుండానే మాట ఇటు నుంచి అటు దాటుతుంది.

తెగిన క్యాసెట్టు సంగతి. మిగిలినంత వరకు మళ్లీ ఎక్కించినాం, ఈసారి ఏ పెట్టే లేకుండా. బుస్సుమనే చప్పుడు ఉంది, పెళ్లింట్లో పిల్లలు అరిచేది ఉంది, ఎవరో గిన్నె పడేసింది కూడా ఉంది. అవ్వ ఊపిరి కూడా ఉంది. పోయిన ఒకటిన్నర పాట కోసం పెద్దమ్మని అడిగితిమి. "నాకు మాటలు వస్తాయి నాయనా, వరస సగమే వస్తుంది" అనింది. ఆ సగమైనా చాలునని, ఈ శుక్రవారం పొద్దున పదింటికి ఆమె గదికి వస్తా ఉంది. ఫ్యాన్ ఆపాల్సి ఉంటుంది, పక్కన విసనకర్ర ఒకటి కావాల. మనవరాలు ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే ఆమెకి ధైర్యంగా ఉంటుంది. వచ్చేవాళ్లు సెల్‌ఫోన్లు బయటే పెట్టి రండి. వైర్లు బుధవారం రాత్రే కట్టి, టక్ చప్పుడు పంపి చూసి ఉంచుతాం.